మరుపూ, బిడియమూ, ఒక గుడ్లగూబా

మన అమ్మల కాలంలో పరాయి భాష నేర్చుకోవడమంటే హిందీ నేర్చుకోవడమే. మద్రాసులో 1918లో గాంధీగారు నాటిన దక్షిణ భారత హిందీ ప్రచార సభ పుణ్యమా అని, మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఏ పంతులమ్మగారి వసారాలోనో చేరి, ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష అంటూ ఒక్కొక్క మెట్టే ఎక్కిన ఇల్లాళ్ళు ఊరూరా ఉండేవారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారయితే 1923 కాకినాడ కాంగ్రెసు నాటికి పద్నాలుగేళ్ళ పిల్ల. అప్పటికే తోటి ఆడవాళ్ళకు హిందీ నేర్పుతూండేవారు. అయితే ఒక్క తమాషా. విశారద ప్యాసయిన తల్లులు కూడా కాశీయాత్రలో రిక్షావాడితో బేరమాడవలసి వస్తే భర్తగారి మొహం వంక చూసేవారు. పుస్తకం కంఠతా వచ్చు, నోరే పెగలదు!

ఇప్పుడు పరాయి భాష దేశాలు దాటి నేరుగా మన వంటింట్లోకే వచ్చింది. పక్కింటి కొత్త పెళ్ళికూతురు పోపు వేస్తూ జర్మన్ అంకెలు వల్లిస్తోంది. జర్మనీలో ఉన్న భర్త దగ్గరకు కాపురానికి వెళ్ళే భార్యకు ఆ భాష మొదటి మెట్టయినా వచ్చి ఉండాలని 2007లో ఆ దేశం నిబంధన పెట్టింది. కొన్ని రకాల ఉద్యోగాలవారి భార్యలకు మినహాయింపు ఉంది గాని, తక్కినవాళ్ళు ‘ఎ 1’ అనే పరీక్ష గట్టెక్కితేగాని వీసా మాట ఎత్తడానికి లేదు. ఆ పిల్ల అవసరం అది. నా అవసరం వేరు. మా అమ్మాయి కాపురం స్టుట్‌గార్ట్‌లో. నాలుగేళ్ళ మనవడు అక్కడి బాలబడికి వెళ్తున్నాడు. ఫోనులో నాతో తెలుగే మాట్లాడతాడు గాని, తన ఎలుగుబంటి బొమ్మతో మాత్రం జర్మన్‌లో కబుర్లు చెబుతాడు. అమ్మమ్మకు అందని కబుర్లు మనవడి దగ్గర ఉండటమేమిటి చెప్పండి! అందుకని అరవైలో పడ్డాక నేనూ జర్మన్ మొదలుపెట్టాను.

మొదలుపెట్టగానే అందరూ అడిగే ప్రశ్న నాకూ ఎదురయింది. సెల్‌ఫోనులో భాష నేర్పే యాప్‌లు బోలెడున్నాయి కదా, ఏది మంచిది? సంబంధం చూసేటప్పుడు మనం పిల్లాడి జీతం ఒక్కటే అడిగి ఊరుకోం. తాతలెవరు, ఏ ఊరివాళ్ళు అని ఆరా తీస్తాం. నేనూ ఈ యాప్‌ల వంశం ఆరా తీశాను. తీయగా తెలిసిందేమిటంటే, వీటిలో ఏదీ నిన్న మొన్న పుట్టింది కాదు. ఒక్కొక్కదాని వెనకా నూరేళ్ళ నాటి పంతులుగారొకరు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఆ పంతుళ్ళందరూ పోరాడింది ఇద్దరు శత్రువులతోనే. ఒకటి మరుపు, రెండోది బిడియం.

ముందు మరుపు సంగతి. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అని ఒక జర్మన్ పండితుడు, మనిషి ఎంత త్వరగా మరిచిపోతాడో లెక్క తేల్చాలనుకున్నాడు. అర్థమున్న మాటలయితే ఏదో ఒక జ్ఞాపకంతో ముడిపడి గుర్తుండిపోతాయి కదా! అందుకని అర్థంపర్థం లేని అక్షరాల గుంపులు సుమారు 2300 తయారుచేసుకుని, వాటిని తానే బట్టీపట్టి, తానే మరిచిపోయి, తానే లెక్క రాసుకున్నాడు. ఏళ్ళ తరబడి చేసిన ఈ తపస్సు 1885లో పుస్తకంగా వచ్చింది. ఆయన లెక్క ప్రకారం, నేర్చినదానిలో సగానికి పైగా ఒక్క గంటలోనే జారిపోతుంది. ఆ తరవాత జారడం నెమ్మదిస్తుంది. ‘పొద్దున చదివింది సాయంత్రానికి ఉండదు, నాకు వయసయిపోయింది’ అని మనం బాధపడతాం. వయసుదేమీ లేదండీ, అది మనిషి పుట్టుక.

మరి దీనికి మందు? జారిపోబోయే ముందు ఒకసారి గుర్తుచేసుకోవడం. ఒకేరోజు వందసార్లు వల్లించడం కాదు. రోజులు ఎడం ఇచ్చి కొద్దిసార్లు వల్లించడం. అమెరికాలో భాషాబోధన ఆచార్యుడు పాల్ పిమ్స్‌లర్ 1967లో దీనికి ఒక పంచాంగమే రాశాడు. కొత్తమాట విన్న 5 సెకన్లకు ఒకసారి, 25 సెకన్లకు ఒకసారి, తరవాత 2 నిమిషాలకు, 10 నిమిషాలకు, గంటకు, 5 గంటలకు, ఒక రోజుకు, 5 రోజులకు, 25 రోజులకు, 4 నెలలకు, చివరికి 2 సంవత్సరాలకు! ఆయన పేరుతో వచ్చిన వినికిడి పాఠాలు క్యాసెట్ల నుంచి ఫోనులోకి వచ్చి ఇప్పటికీ నడుస్తున్నాయి.

అయిదేళ్ళ తరవాత, 1972లో, సెబాస్టియన్ లైట్నర్ అనే ఆయన ఇదే సంగతిని ఇంకా తేలిక చేశాడు. ఒక అట్టపెట్టెలో వరసగా అరలు. చీటీకి ఒకవైపు పరాయి మాట, రెండోవైపు అర్థం. చీటీ తీసి చూడగానే అర్థం తట్టిందా, దాన్ని వెనక అరలోకి జరపాలి. తట్టలేదా, మళ్ళీ మొదటి అరలోకే. మొదటి అర రోజూ చూడాలి, వెనకవి అప్పుడప్పుడూ చూస్తే చాలు. మన పోపులపెట్టె ధర్మమే అనుకోండి. ఆవాలూ జీలకర్రా రోజూ చేతికందేచోట ఉంటాయి, జాపత్రి ఎక్కడో అడుగున ఉంటుంది.

ఆ అట్టపెట్టెకు లెక్కల బుర్ర తగిలించినవాడు పోలండు విద్యార్థి పియోతర్ వోజ్నియాక్. ముందు 1985లో కాగితాల మీద, 1987లో కంప్యూటరు మీద, ఏ మాట ఏ రోజున మళ్ళీ అడగాలో తేల్చే పద్ధతి తయారుచేశాడు. ఆ లెక్కనే ఆధారం చేసుకుని 2006లో డేమియన్ ఎల్మ్స్ అనే ఆయన ‘అంకి’ని తయారుచేశాడు. అంకి అంటే జపాను భాషలో కంఠతా పట్టడమని అర్థం. చూడటానికి అంకి మహా బోసిగా ఉంటుంది. బొమ్మల్లేవు, మెప్పుకోళ్ళు లేవు. చీటీలు మనమే రాసుకోవచ్చు. కాని మాటలు గుర్తుండటం ఒక్కటే కావాలంటే దీన్ని మించింది లేదు. అందులో ఒక సుఖం కూడా ఉంది. చీటీకి రెండోవైపు ఇంగ్లీషే ఉండాలని ఎవరూ అనరు. శుభ్రంగా తెలుగులో రాసుకోవచ్చు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకు వస్తాను.

ఇక రెండో శత్రువు, బిడియం. దీని కథ 1878లో అమెరికాలోని ప్రావిడెన్స్ పట్టణంలో మొదలవుతుంది. మాక్సిమిలియన్ బెర్లిట్జ్ అక్కడ భాషల బడి నడుపుతున్నాడు. వ్యాకరణం, తర్జుమా, బట్టీ – పాత పద్ధతే. ఉత్తరప్రత్యుత్తరాల మీద నికొలాస్ జోలీ అనే ఫ్రెంచి ఉపాధ్యాయుణ్ణి కుదుర్చుకున్నాడు. తీరా మనిషి వచ్చాక చూస్తే ఆయనకు ఇంగ్లీషు ముక్క రాదు! అదే సమయానికి బెర్లిట్జ్ జబ్బుపడ్డాడు. చేసేదిలేక, ‘వస్తువులు చూపించి, చేతలు చేసి చూపించి ఎలాగో నెట్టుకురా’ అని చెప్పి మంచమెక్కాడట. ఆరు వారాల తరవాత లేచివచ్చి చూస్తే, పిల్లలు ఫ్రెంచిలో ప్రశ్నలడుగుతున్నారు, ఫ్రెంచిలోనే జవాబులిస్తున్నారు. బెర్లిట్జ్ బడులవాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటున్న కథ ఇది. సొంత భాష ఊసెత్తకుండా కొత్త భాషను కొత్త భాషలోనే నేర్పడమనేది అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది.

దానికి మునిమనవడు ‘రొజెట్టా స్టోన్’. 1992లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, హారిసన్‌బర్గ్ అనే ఊళ్ళో అలెన్ స్టోల్ట్‌జ్‌ఫస్ తన బంధువులతో కలిసి పెట్టిన సంస్థ. ఆయన జర్మనీలో ఉండి జర్మన్ సులువుగా నేర్చుకున్నాడు. రష్యన్‌ని తరగతి గదిలో నేర్చుకోబోతే కొరుకుడు పడలేదు. ఆ దేశంలో ఉన్నట్టే నేర్పలేమా అని బొమ్మలూ గొంతులూ కలిపి, ముందు కంప్యూటరు పళ్ళేల మీదా, తరవాత ఫోనులోనూ పెట్టారు. ఆపిలు తింటున్న కుర్రాడి బొమ్మ కనిపిస్తుంది, మాట వినిపిస్తుంది, అంతే. అర్థం చెప్పకుండా నేర్పడమే దీని పద్ధతి. చెవికీ, ఉచ్చారణకూ ఇది బహు మంచిది. చిక్కల్లా ఏమిటంటే, జోలీ మాస్టారు పిల్లల మొహాలు చూసి, అర్థం కాలేదని గ్రహించి, ఇంకో వేషం వేసేవాడు. బొమ్మకు మన మొహం కనపడదు. కుర్రాడు తింటున్నాడని బొమ్మ చెప్పగలదు గాని, ‘తింటే బాగుండును’ అన్నదాన్ని ఏ బొమ్మ గీసి చెబుతారు?

ఇప్పుడు గుడ్లగూబ దగ్గరకు వద్దాం. గుడ్లగూబ ఇంట్లో దూరితే మన పెద్దవాళ్ళు శాంతి చేయించేవారు. ఇవాళ దాన్ని మనమే పిలిచి చేతిలో పెట్టుకుని కూర్చుంటున్నాం. ఆ ఆకుపచ్చ పక్షి ‘డ్యూలింగో’ది. దాన్ని పుట్టించిన లూయీస్ ఫాన్ ఆన్ మధ్య అమెరికాలోని గ్వాటెమాలా దేశస్థుడు. వాళ్ళమ్మ డాక్టరు. భర్త తోడు లేకుండా ఒక్కతే కొడుకుని పెంచుతూ, సంపాదనలో పెద్ద భాగం వాడి ఇంగ్లీషు బడికే ధారపోసింది. అమెరికా చదువుకోసం రాయవలసిన ఇంగ్లీషు పరీక్షకు సొంత దేశంలో చోటు దొరక్క, పొరుగునున్న ఎల్ సాల్వడార్‌కు వెళ్ళి రాసి రావలసివచ్చిందని ఆయన చెబుతూంటాడు. ఇంగ్లీషు వస్తే బతుకు మారే బీదదేశాల్లో, ఆ ఇంగ్లీషు నేర్చుకోవడానికే డబ్బుండాలన్నమాట. అందుకే ఉచితంగా నేర్పాలన్న పట్టు ఆయనకు.

ఈయన మనకు ఇదివరకే తెలిసిన మనిషే. రైలు టిక్కెట్టు కొనేటప్పుడు కంప్యూటరు వంకరటింకర అక్షరాలు చూపించి, ‘నువ్వు మనిషివేనా?’ అని పరీక్ష పెడుతుందే, ఆ ఆలోచన 2000లో ఈయనా, ఈయన గురువు మాన్యుయెల్ బ్లూమూ కలిసి చేసినదే. తరవాత పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో తన శిష్యుడు సెవెరిన్ హాకర్‌తో కలిసి డ్యూలింగో మొదలుపెట్టి, 2012 జూన్‌లో అందరికీ తలుపులు తెరిచాడు. ఉచితమంటే ఖర్చు ఎవరు భరిస్తారు? మొదటి ఉపాయం గడుసుది. నేర్చుకునేవాళ్ళ చేతే అభ్యాసం పేరుతో వార్తాసంస్థల వ్యాసాలు తర్జుమా చేయించి, వాళ్ళ దగ్గర సొమ్ము తీసుకోవడం. 2013లో సి.ఎన్.ఎన్. వంటి సంస్థలతో ఆ బేరం కుదిరింది కూడా. తరవాత ఆ దారి వదిలేసి ప్రకటనల్నీ, చందాల్నీ నమ్ముకున్నారు.

డ్యూలింగో తాతగారెవరు? 1830ల నాటి ఓలెండార్ఫ్ అనే పంతులుగారు. చిన్నచిన్న వాక్యాలు ఇచ్చి, అటు తిప్పి ఇటు తిప్పి తర్జుమా చేయించడం ఆయన పద్ధతి. నా దగ్గర వడ్రంగి గొడుగు లేదు, నీ మేనమామ టోపీ ఉంది అన్న తరహా వాక్యాలకు ఆయన పుస్తకాలు పేరుపడ్డాయి. గుడ్లగూబ అడిగే వింత వాక్యాలు చూసి ఇవాళ్టి పిల్లలు నవ్వుతారు గాని, ఆ నవ్వుకి దాదాపు రెండువందల ఏళ్ళుంటాయి.

గుడ్లగూబ అసలు బలం పాఠంలో లేదు, వ్రతంలో ఉంది. రోజూ ఒక పాఠమయినా చెయ్యాలి; ఒక్కరోజు తప్పితే ఇన్నాళ్ళ లెక్కా సున్నా. రాత్రి పదకొండున్నరకు, గిన్నెలు కడిగి, పాలు తోడుపెట్టి, నిద్ర ముంచుకొస్తున్నా ‘అయ్యో, ఇవాళ్టి పాఠం!’ అంటూ ఫోను అందుకునే ఆడవాళ్ళు నాకు ఎందరో తెలుసు. వ్రతభంగమయితే ప్రాయశ్చిత్తం కూడా ఉంది. ఆ రోజును లెక్కలోంచి కాపాడే తాయెత్తొకటి ముందుగా సంపాదించి పెట్టుకోవచ్చు! అలవాటు కావడానికి ఇంతకంటె మంచి సాధనం లేదు. కాని రెండువందల రోజుల వ్రతమూ, రెండువందల రోజుల చదువూ ఒకటి కావు. రెండు నిమిషాల్లో పాత పాఠమే మళ్ళీ చేసినా గుడ్లగూబ సంతోషిస్తుంది మరి!

ఇంకా ఇద్దరున్నారు. బెర్లిన్‌లో 2007లో పుట్టిన ‘బాబెల్’ చందా కట్టించుకుని నేర్పే పంతులు. పలకరింపు, బజారు, డాక్టరు దగ్గర – ఇలా నిత్యం అక్కరకొచ్చే సంభాషణలు; వ్యాకరణం ఎక్కడ అడ్డొస్తే అక్కడ రెండు ముక్కల్లో వివరణ. పరీక్షకు వెళ్ళే పిల్లకు పనికొచ్చేది. బాబెల్ విశేషమేమిటంటే, నేర్చుకునేవాళ్ళ మాతృభాషను బట్టి పాఠం మారుస్తుంది. జర్మన్‌వాడికి చెప్పే స్పానిష్ పాఠమూ, ఇంగ్లీషువాడికి చెప్పే స్పానిష్ పాఠమూ వేరు. రెండోది 2008లో మాడ్రిడ్‌లో పుట్టిన ‘బుసూ’. కామెరూన్ దేశంలో బుసూ అనే భాష ఉండేది. 1980లలో లెక్క తీస్తే మాట్లాడేవాళ్ళు 8 మందే తేలారట. ఆ భాష పేరే దీనికి పెట్టారు. ఇందులో మనం రాసిందీ, పలికిందీ ఆ భాషవాళ్ళే దిద్దుతారు. వాళ్ళు నేర్చుకుంటున్నది మనకు వస్తే మనం వాళ్ళది దిద్దుతాం. చూశారూ, ఇక్కడ మొదటిసారి అటువైపు ఒక మనిషి కనిపించాడు!

ఇంతమంది పంతుళ్ళనూ చూశాక నాకు తట్టిన వెలితి ఒకటుంది. నేను జర్మన్ నేర్చుకున్నది ఇంగ్లీషు మెట్టు మీద నిలబడి. ఈ యాప్‌ల పాఠాలు చాలామటుకు ఇంగ్లీషువాళ్ళకు ఏది కష్టమో అది చూసి అల్లినవి. మనకేది సులువో వాటికి పట్టదు.

జర్మన్‌లో ‘డూ’ అంటే నువ్వు, ‘జీ’ అంటే మీరు. ఎవరిని ఏమనాలో ఇంగ్లీషువాడికి పేజీలకు పేజీలు వివరించాలి, వాడికున్నది ఒకటే మాట గనక. మామగారిని ‘నువ్వు’ అనకూడదని మనకెవరయినా చెప్పాలా? అలాగే, జర్మన్‌లో ‘ఎందుకంటే’తో మొదలయ్యే వాక్యంలో క్రియ చివరికి పోతుంది. ‘వైల్ ఇష్ టే ట్రింకె.’ ఎందుకంటే, నేను, టీ, తాగుతాను! మాట వెనక మాట మన వరసే. ఇంగ్లీషువాడు తలకిందులయ్యేచోట మనం మామూలుగా నడిచి వెళ్ళవచ్చు.

లింగాల గొడవ మాత్రం అందరికీ ఉంది. జర్మన్‌లో చెంచా పుంలింగం, ఫోర్కు స్త్రీలింగం, కత్తి నపుంసకం! బల్ల మీద మూడూ పక్కపక్కనే ఉంటాయి మళ్ళీ. అన్నిటికంటె విడ్డూరం, ‘మేడ్షెన్’, అంటే అమ్మాయి, నపుంసకలింగం. వాళ్ళకు ఆడపిల్లంటే ఇంత చులకనా అని మండిపడబోయి ఆగాను. మన సంగతేమిటి? అబ్బాయి వచ్చాడు. అమ్మాయి వచ్చింది. బస్సూ వచ్చింది! ఈ పోలిక తెలిశాక ‘మేడ్షెన్’ లింగం నేను మళ్ళీ మరిచిపోలేదు. మరుపుకి అసలు మందు ఎడమిచ్చి వల్లించడం ఒక్కటే కాదు, తెలిసినదానికి ముడివెయ్యడం కూడా. అందుకే అంకి చీటీ వెనక తెలుగు రాసుకోమన్నాను.

ఇక తీర్పు. అలవాటు పడటానికి గుడ్లగూబ, గుర్తుండటానికి అంకి, చెవికి పిమ్స్‌లరో రొజెట్టా స్టోనో, సంభాషణకూ వ్యాకరణానికీ బాబెల్, దిద్దించుకోవడానికి బుసూ. అన్నీ పెట్టుకోనక్కరలేదు, అలవాటుకొకటి, గుర్తుకొకటి, రెండు చాలు. అయితే ఎ 1 పరీక్షలో వినడం, చదవడం, రాయడంతోపాటు మాట్లాడటమూ ఉంది. నలుగురితో కలిపి కూర్చోబెట్టి, నీ గురించి చెప్పు, పక్కవాళ్ళను ఒక ప్రశ్న అడుగు, ఏదయినా ఇమ్మని కోరు అంటారు. మరుపుని జయించడానికి ఎబ్బింగ్‌హౌస్ నుంచి ఇప్పటిదాకా లెక్కలు కట్టారు. బిడియానికి లెక్క లేదు. ఫోను ముందు ఎంత ధాటిగా పలికినా, ఎదురుగా మనిషి కూర్చునేసరికి గొంతు ఆరిపోతుంది. విశారద చదివిన మన అమ్మలకు జరిగిందీ అదే. వాళ్ళు భాషలో తక్కువవాళ్ళు కారు. తప్పు మాట్లాడితే నవ్వని మనిషి వాళ్ళకు దొరకలేదు. అందుకే పక్కింటి పిల్లతో చెప్పాను, యాప్‌కి ఇచ్చే అరగంటలో పది నిమిషాలు తగ్గించి, ఆ పదీ ఎవరితోనయినా గట్టిగా మాట్లాడమని. మనిషి దొరక్కపోతే నేనున్నాను, ఇద్దరం కలిసే తప్పులు మాట్లాడుకుందాం రమ్మన్నాను. రోజూ సాయంత్రం వస్తోంది.

నాకయితే నవ్వని మనిషి దొరికాడు. మా మనవడు చెంచాని నేను స్త్రీలింగం చేస్తే వెంటనే సరిచేస్తాడు. వాడు ‘అమ్మ వచ్చాడు’ అంటే నేను సరిచేస్తాను. ఎలుగుబంటి కూడా కొద్దిరోజులుగా తెలుగు వింటోంది. ఈ పాఠానికి చందా లేదు, ఒక్కరోజు తప్పినా లెక్క సున్నా కాదు.